బీఏ ఇంగ్లిష్ ఆనర్స్ మూడో ఏడాదిలో బ్రిటిష్ స్టడీస్ తీసుకోవచ్చా?

విద్యానగర్_విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను నగరంలోని ఒక కళాశాలలో బీఏ ఇంగ్లిష్ ఆనర్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెలలో పరీక్షలు పూర్తవుతాయి. ఆలోపే మూడో సంవత్సరానికి ఒక ప్రత్యేక విభాగాన్ని ఎంచుకుని దరఖాస్తు ఇవ్వాలి. మా దగ్గర బ్రిటిష్ స్టడీస్, అమెరికన్ సాహిత్యం, భారతీయ సాహిత్యం–అనువాదం, ఆంగ్ల భాషా బోధన అనే విభాగాలున్నాయి. ఏది తీసుకున్నా నాలుగు పేపర్లు, చివరి సెమిస్టర్‌లో ఒక ప్రాజెక్టు ఉంటాయి.

నా మనసు బ్రిటిష్ స్టడీస్ వైపు ఉంది. ఈ ఏడాది విక్టోరియన్ నవలలు చదువుతున్నప్పుడు కథకన్నా దాని వెనకున్న దేశమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. 1834 నాటి పేదల చట్టం ఏమిటో, దిక్కులేనివారిని వర్క్‌హౌస్‌లలో ఎందుకు పెట్టేవారో, 1832లో ఎవరికి ఓటు వచ్చి ఎవరికి రాలేదో తెలియకుండా ఆ నవలలు చదివితే సగమే చదివినట్టు అనిపించింది. అయితే మా తరగతిలో ఎక్కువమంది అనువాదం వైపో, భాషా బోధన వైపో వెళ్తున్నారు. బ్రిటిష్ స్టడీస్ తీసుకుంటే పీజీ ప్రవేశాలకు, ఉద్యోగాలకు ఇబ్బంది ఉంటుందా? హైదరాబాదులో ఉండి ఆ దేశాన్ని లోతుగా చదవడానికి వనరులు దొరుకుతాయా? ఈ విభాగం చదివినవారు, పాఠం చెప్పినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

విశ్రాంత_అధ్యాపకుడు

అమ్మా, విభాగం పేరు చూసి నిర్ణయం తీసుకోవద్దు. ముందుగా ఆ నాలుగు పేపర్ల పాఠ్యప్రణాళికను సంపాదించండి. ఒకే పేరు కింద రెండు కళాశాలల్లో రెండు వేర్వేరు చదువులు నడవడం నేను చాలాసార్లు చూశాను.

మన విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లిష్ డిగ్రీ అంటే చాసర్‌తో మొదలుపెట్టి ఎలియట్ దగ్గర ముగించడం అన్న పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. అందులో కవులున్నారు, నాటకాలున్నాయి గాని, వాటిని పుట్టించిన సమాజం పీఠికలో రెండు పేజీలకు మించి కనిపించేది కాదు. బ్రిటిష్ స్టడీస్ ఆ లోటును పూరించడానికి వచ్చిన చదువు. సాహిత్యంతోపాటు చరిత్ర, రాజ్యాంగం, వర్గభేదాలు, వలసలు, పత్రికలు, రేడియో, సినిమా, ఫుట్‌బాల్ మైదానం కూడా ఇందులో పాఠ్యవస్తువులే. దీనికి పునాది వేసిన వాటిలో 1964లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ హోగార్ట్ స్థాపించిన సమకాలీన సాంస్కృతిక అధ్యయన కేంద్రం ముఖ్యమైనది. ఆయన తర్వాత దాన్ని నడిపించిన స్టూవర్ట్ హాల్ జమైకాలో పుట్టి, చదువుకోసం బ్రిటన్ చేరిన మనిషి. ఒక దేశపు సంస్కృతిని దాని కార్మికవాడల వైపు నుంచి, వలస వచ్చి స్థిరపడినవారి వైపు నుంచి కూడా చదవవచ్చని, చదవాలని ఆ కేంద్రం చూపించింది. 1990లలో బ్రిటిష్ కౌన్సిల్ ఇతర దేశాల విశ్వవిద్యాలయాల్లో ఈ పేరుతో కోర్సులను ప్రోత్సహించింది. మన దేశానికి ఈ పేరు ఎక్కువగా ఆ దారిలోనే పరిచయమైంది.

పాఠ్యప్రణాళిక దొరికాక అందులో స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ ఉన్నాయో లేవో చూడండి. 1707లో స్కాట్లండ్ పార్లమెంటు ఇంగ్లండ్ పార్లమెంటుతో కలిసిపోయింది. 1801లో ఐర్లండ్ చేరింది. 1922లో దానిలో అధికభాగం విడిపోయింది. 1999లో స్కాట్లండ్‌కు మళ్లీ తన పార్లమెంటు ఏర్పడింది. ఈ కలయికలూ విడిపోవడాలూ లేని పాఠ్యప్రణాళిక లండన్ చుట్టూనే తిరుగుతూ ఉంటుంది.

తర్వాత 1945 ఇవతలి కాలం ఉందో లేదో చూడండి. ఉదాహరణకు 1948 ఒక్క సంవత్సరాన్నే తీసుకోండి. జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ కరీబియన్ దీవుల నుంచి వందలాది మందిని టిల్‌బరీ రేవుకు చేర్చింది. జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. అదే ఏడాది వచ్చిన పౌరసత్వ చట్టం వలస రాజ్యాల ప్రజలకు బ్రిటన్‌లో ఉండి పనిచేసుకునే హక్కును ఖాయం చేసింది. ఈ మూడింటినీ విడివిడిగా చదివితే మూడు తేదీలే మిగులుతాయి. కలిపి చదివితే మాత్రం అక్కడి ఆసుపత్రులు కరీబియన్ నర్సుల మీద, మన దేశపు డాక్టర్ల మీద ఎందుకు అంతగా ఆధారపడ్డాయో, మళ్లీ 1962 చట్టంతో ఆ హక్కును ఎందుకు కుదించారో, ఆ కుటుంబాల పిల్లలు తర్వాతి కాలంలో ఎలాంటి నవలలు రాశారో ఒకదాని వెంట ఒకటి తెలిసివస్తాయి. మంచి బ్రిటిష్ స్టడీస్ పేపరు చేయవలసిన పని ఇదే.

పార్లమెంటు చర్చలు, పత్రికలు, పటాలు, జనగణన పట్టికల వంటివి కూడా చదివిస్తున్నారా అన్నది ఇంకొకటి. ఇవేవీ లేకపోతే పాత సాహిత్య చరిత్రకే కొత్త పేరు పెట్టారని అర్థం చేసుకోవచ్చు. అలాంటి పక్షంలో ఆ విభాగం కోసం పట్టుబట్టనక్కర్లేదు.

అనువాద_బాట

సర్, మీరంటే గౌరవం ఉంది, అయినా విభేదిస్తున్నాను. నేను ఈ నగరంలోనే అనువాద అధ్యయనంలో పీజీ చేస్తున్నాను.

1835 ఫిబ్రవరి 2న మెకాలే ఇంగ్లిష్ చదువును సమర్థిస్తూ తన నివేదికను సమర్పించినప్పటి నుంచి మన చదువుల్లో బ్రిటన్ ఎప్పుడూ కేంద్రంలోనే ఉంది. ఇంగ్లిష్ సాహిత్యం ఇంగ్లండ్‌లోని విశ్వవిద్యాలయాల్లో ఒక స్వతంత్ర పాఠ్యవిషయంగా స్థిరపడకముందే మన దేశపు కళాశాలల్లో స్థిరపడిందని, దాని వెనక పాలనా ప్రయోజనం ఉందని పరిశోధకులు సవివరంగా చూపించారు. తొలి రెండేళ్లలో ఎలాగూ ఆ సాహిత్యమే ఎక్కువగా చదివిన విద్యార్థిని మూడో ఏడాది కూడా ఆ దేశానికే ఎందుకు కేటాయించాలి? తెలుగు, ఉర్దూ, దక్కనీ పక్కపక్కన బతికే ఊరు మనది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలవడానికి ముందు, పాఠ్యపుస్తకాల కోసం 1917లోనే అనువాద కార్యాలయాన్ని, అంటే దారుల్ తర్జుమాను ఏర్పాటు చేశారు. అంతటి వారసత్వం ఉన్నచోట తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి నాణ్యంగా అనువదించగలిగే వారు ఇప్పటికీ చాలినంతమంది లేరు. రెండు భాషలూ బాగా వచ్చిన అమ్మాయి తన శక్తిని అక్కడ పెడితే ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

పురాలేఖ

అనువాద_బాట గారు వేసిన ప్రశ్న ప్రతి విద్యార్థీ వేసుకోవలసినదే. అయితే పాలకుల దేశాన్ని చదవకుండా వదిలేస్తే వారి పాలన అర్థం కాదు. బ్రిటన్‌ను మనం కూర్చున్న చోటి నుంచి చదివే వీలు హైదరాబాదుకు ఉన్నంతగా చాలా నగరాలకు లేదు. నేను ఆసఫ్‌జాహీ కాలపు పత్రాల మీద పరిశోధన చేస్తున్నాను కాబట్టి ఒక ఉదాహరణను కొంచెం విస్తరించి చెబుతాను.

కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. ఎత్తయిన స్తంభాల మీద ఉన్న త్రికోణ ముఖభాగంలో ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం ఇప్పటికీ కనిపిస్తుంది. నిజాం 1798లో సైన్య సహకార ఒప్పందం చేసుకున్న కాలంలో ఇక్కడ రెసిడెంటుగా, అంటే కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దానిని కట్టించాడు. ఆయన నిజాం కొలువులోని ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను పెళ్లి చేసుకున్నాడు. వారికి ఒక కొడుకు, 1802లో పుట్టిన ఒక కూతురు. 1805లో పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ పంపించారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో మరణించాడు. పిల్లలు తల్లిని మళ్లీ చూడలేదు. ఇక్కడ సాహెబ్ బేగం అని పిలిపించుకున్న పాప అక్కడ కేథరిన్ అరోరా అయింది, ఇంట్లోవారికి కిట్టీ అయింది.

మీ విక్టోరియన్ గద్యం పేపరులో థామస్ కార్లైల్ తప్పకుండా ఉంటాడు. ఇంకా పేరు రాని రోజుల్లో, 1820లలో, ఆయన లండన్‌లో ఈ కిట్టీని కలిశాడు. తర్వాత తన జ్ఞాపకాల్లో ఆమె గురించి రాశాడు. ఆయన సృష్టించిన ఒక నాయిక పాత్రకు ఆమె స్ఫూర్తి అని కూడా చెబుతారు. చాలా ఏళ్ల తర్వాత కిట్టీకి, హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షర్ఫున్నీసాకు మధ్య ఉత్తరాలు నడిచాయి. అమ్మమ్మ పారశీకంలో చెప్పి రాయించేది. ఒకవైపు ఆంగ్ల గద్య రచయిత జ్ఞాపకాలు, మరోవైపు ఒక ముసలి హైదరాబాదీ స్త్రీ పారశీక లేఖలు, నడుమ రెండు దేశాల మధ్య పెరిగిన ఒక అమ్మాయి. దీన్ని ఇంగ్లిష్ సాహిత్యం అనాలా, దక్కన్ చరిత్ర అనాలా? రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి చదివే అవకాశం బ్రిటిష్ స్టడీస్ ఇస్తుంది.

అదే భవనం మీద 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో దాడి జరిగింది. ఆ సంఘటనను నిజాం దివాన్ సాలార్‌జంగ్ ఒక విధంగా చూశాడు, రెసిడెంటు ఒక విధంగా నివేదించాడు, దాడి చేసినవారి వైపు కథ ఇంకొకటి. ఒకే రోజును ఇన్ని వైపుల నుంచి చదివిన విద్యార్థికి తర్వాత ఏ ఆంగ్ల పాఠ్యాన్ని ఇచ్చినా అది ఎవరి నోటి నుంచి వస్తోందో అడగడం అలవాటవుతుంది.

వనరుల గురించి అడిగారు. తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల కార్యాలయంలో మొగలుల కాలం, ఆసఫ్‌జాహీల కాలం నాటి పత్రాలు ఎక్కువగా పారశీకంలో, ఉర్దూలో ఉన్నాయి. రెసిడెన్సీ కార్యాలయపు ఇంగ్లిష్ దస్త్రాలు మాత్రం ఢిల్లీలోని జాతీయ పురాలేఖాగారంలో ఉన్నాయి. కనుక డిగ్రీ ప్రాజెక్టుకు ముద్రిత వనరుల మీద ఆధారపడడమే మేలు. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పాత పుస్తకాలు చూడవచ్చు. ఇక ఇంటర్నెట్‌లో 1803 నుంచి బ్రిటిష్ పార్లమెంటు చర్చలు, 1674 నుంచి 1913 వరకు లండన్ ఓల్డ్ బెయిలీ న్యాయస్థానపు విచారణలు, స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం వారి పాత పటాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ముప్ఫై ఏళ్ల కిందట పరిశోధకులు వీటికోసమే లండన్ ప్రయాణం పెట్టుకునేవారు.

సైదాబాద్_తండ్రి

నమస్కారమండీ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది, ఇంగ్లిష్ ఆనర్స్ చదువుతానంటోంది. అందుకే ఈ చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. పురాలేఖ గారు చెప్పిన విషయాలు నాకు కూడా ఎంతో ఆసక్తి కలిగించాయి. కానీ తల్లిదండ్రులుగా మాకు తెలియాల్సింది ఒకటుంది. చదువు పూర్తయ్యాక ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు ఈ విభాగం పేరు చూసి ఎవరైనా తీసుకుంటారా, లేక వద్దంటారా? ఆ సంగతి తెలిసినవారు దాపరికం లేకుండా చెప్పండి.

సంపాదకురాలు

సైదాబాద్_తండ్రి గారికి, నేను హైదరాబాదులో ఒక పుస్తక ప్రచురణ సంస్థలో సంపాదకురాలిగా పనిచేస్తున్నాను. విభాగం పేరు చూసి మేము ఎవరినీ తీసుకోము, ఎవరినీ వద్దనము. కొత్తగా వచ్చినవారికి వ్రాతప్రతిలోని రెండు పేజీలు ఇచ్చి దిద్దమంటాము. వ్యాకరణ దోషాలు చాలామంది పట్టుకుంటారు. కానీ పాఠశాల చరిత్ర పుస్తకంలో "1832 చట్టంతో బ్రిటన్‌లో కార్మికులకు ఓటు హక్కు వచ్చింది" అన్న వాక్యం ఉంటే దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టేవారు అరుదు. 1832లో వచ్చింది మధ్యతరగతి పురుషులకు. పట్టణ కార్మికులలో చాలామందికి 1867లో వచ్చింది. స్త్రీలలో కొందరికి 1918లో, పురుషులతో సమానంగా అందరికీ 1928లో వచ్చింది. ఆ వాక్యం అలాగే అచ్చయితే వేలమంది పిల్లలు తప్పు నేర్చుకుంటారు. దాన్ని ఆపగలిగే మనిషి మాకు కావాలి. అలాంటి జ్ఞానం ఒక బ్రిటిష్ స్టడీస్ విద్యార్థికి సహజంగా ఉండాలి.

ప్రభుత్వ అధ్యాపక ఉద్యోగాలకు సంబంధించి కూడా భయం అక్కర్లేదు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు ఇంగ్లిష్‌లో పీజీ అడుగుతారు. డిగ్రీలో ఏ ప్రత్యేక విభాగం తీసుకున్నారన్నది అక్కడ అర్హతను మార్చదు. పాఠశాల ఉపాధ్యాయ వృత్తికి బీఈడీ కావాలి. నెట్ పరీక్ష ఇంగ్లిష్ పాఠ్యప్రణాళికలో కవిత్వం, నాటకం, కల్పనా సాహిత్యంతోపాటు "ఇంగ్లిష్ ఇన్ ఇండియా" అని ఒక భాగం, "కల్చరల్ స్టడీస్" అని ఒక భాగం విడిగా ఉన్నాయి. ఈ విభాగం చదివినవారికి ఆ రెండూ కొత్తగా ఉండవు. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. శిక్షణ సంస్థల్లో వెంటనే చేరి స్పోకెన్ ఇంగ్లిష్ బోధించాలనుకునేవారికి భాషా బోధన విభాగమే నేరుగా పనికివస్తుంది. డిగ్రీ కాగానే సంపాదన తప్పనిసరి అయిన ఇంటి పిల్లలు ఆ సంగతి తప్పక లెక్కలోకి తీసుకోవాలి.

సివిల్స్_సన్నద్ధం

చిన్న చేర్పు. సివిల్స్ మెయిన్స్‌లో చరిత్రను ఐచ్ఛికంగా తీసుకునేవారికి ప్రపంచ చరిత్ర భాగంలో 1815–1850 మధ్య బ్రిటిష్ ప్రజాస్వామ్య రాజకీయాలు, పార్లమెంటు సంస్కరణవాదులు, స్వేచ్ఛా వాణిజ్యవాదులు, చార్టిస్టులు (ఓటు హక్కు కోసం పోరాడిన కార్మిక ఉద్యమకారులు) ఉన్నారు. జనరల్ స్టడీస్‌లో మన రాజ్యాంగాన్ని ఇతర దేశాల రాజ్యాంగాలతో పోల్చే అంశం ఉంది. నేను ఇంగ్లిష్ డిగ్రీ నుంచే వచ్చాను. చార్టిస్టుల డిమాండ్లను గైడులో చదివి గుర్తుపెట్టుకోవడానికి నా మిత్రులు ఎంతో కష్టపడ్డారు. నేను ఆ కాలపు నవలలతో కలిపి చదివినందువల్ల పరీక్షలో రాయడానికి తడుముకోలేదు.

గ్లాస్గో_నుంచి

నేను హైదరాబాదులో డిగ్రీ చదివి, ప్రస్తుతం స్కాట్లండ్‌లో పీజీ చేస్తున్నాను. ఇక్కడ బోధనతో కూడిన పీజీ కోర్సులు చాలావరకు ఏడాదివే. మన మూడేళ్ల డిగ్రీని చాలా విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ ఉపకార వేతనానికి మాత్రం రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి కాబట్టి డిగ్రీ కాగానే వచ్చేద్దామనుకునేవారు దానిమీద ఆధారపడకూడదు. వీసా నియమాలు తరచూ మారుతున్నాయి. వాటిని నమ్ముకుని విభాగాన్ని ఎంచుకోవద్దని నా విన్నపం.

చదువు విషయానికొస్తే, ఇక్కడికి వచ్చాక నాకు బాగా ఉపయోగపడింది స్కాట్లండ్ చరిత్ర మీద ఇంటి దగ్గరే చదువుకున్న కొద్దిపాటి భాగం. 2014 సెప్టెంబరు 18న జరిగిన స్వాతంత్ర్య రెఫరెండంలో సుమారు 55 శాతం మంది బ్రిటన్‌లోనే ఉండాలని, 45 శాతం మంది విడిపోవాలని ఓటు వేశారు. ఆ చీలిక ఇప్పటికీ తరగతి గదిలో వినిపిస్తుంది. ఈ ఊళ్లో నడుస్తుంటే జమైకా వీధి, వర్జీనియా వీధి అనే పేర్లు కనిపిస్తాయి. పొగాకు, చక్కెర, బానిసల శ్రమతో వచ్చిన సంపద ఆ పేర్లలో ఉంది. ఇక్కడికి ఎంతో దూరం కాని డండీ పట్టణపు మిల్లులు బెంగాల్ జనపనార మీద నడిచాయి. తెలంగాణ ఉద్యమాన్ని చూస్తూ పెరిగిన వాళ్లకు ఒక ప్రాంతం తన పార్లమెంటును తిరిగి కోరుకోవడం వెనకున్న బాధ, లెక్కలు, గౌరవం త్వరగా అర్థమవుతాయి. సెమినార్లలో ఆ పోలికను జాగ్రత్తగా చెప్పినప్పుడు ఇక్కడి అధ్యాపకులు శ్రద్ధగా విన్నారు.

మన తీరం గురించి కూడా ఒక మాట. ఈస్టిండియా కంపెనీ వారు 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. మన తీరపు అద్దకం బట్టలకు ఇంగ్లండ్‌లో ఎంత గిరాకీ వచ్చిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతవారు ఆందోళన చేసి పార్లమెంటు చేత 1721లో ముద్రిత నూలు బట్టల వాడకాన్నే నిషేధింపజేశారు. ఆ నిషేధాన్ని 1774లో ఎత్తేశారు. ఆ కాలపు ఆంగ్ల కరపత్రాల్లో అద్దకం బట్ట కట్టుకున్న స్త్రీలను ఎంతగా నిందించారో చదివితే, బ్రిటిష్ సాహిత్యంలో మన నేతగాళ్లు, అద్దకంవాళ్లు పేరు లేకుండా ఎన్ని చోట్ల ఉన్నారో తెలుస్తుంది.

తార్నాక_పాఠకుడు

వనరులే ప్రమాణమైతే అమెరికన్ సాహిత్యాన్ని అంత తేలికగా పక్కన పెట్టవద్దు. ఉస్మానియా ప్రాంగణంలో 1964లో ఏర్పడిన అమెరికన్ అధ్యయన పరిశోధన కేంద్రం దేశమంతటి నుంచి పరిశోధకులను రప్పించిన చోటు. ఆ గ్రంథ సంపద ఇప్పటికీ నగరంలోనే ఉంది. విభాగాన్ని ఖాయం చేసుకునే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి.

అనువాద_బాట

పురాలేఖ గారు, గ్లాస్గో_నుంచి గారు చెప్పినవి చదివాక నా అభ్యంతరం కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. వారు చెప్పిన బ్రిటిష్ స్టడీస్‌లో పారశీక లేఖలు, నేతగాళ్లు ఉన్నారు. కళాశాల తరగతి గదిలో అవి ఉంటాయా? ఇంగ్లిష్ పాఠ్యాన్ని మాత్రమే అనుమతించే ప్రాజెక్టు అయితే మళ్లీ మొదటికే వస్తాం. అందువల్ల విద్యార్థిని ఒక విషయం తప్పక అడిగి తెలుసుకోవాలి: ప్రాజెక్టులో తెలుగు, ఉర్దూ మూలాలను వాడుకోనిస్తారా?

ఎందుకంటే తెలుగువైపు సామగ్రి అపారంగా ఉంది. కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతుల, అంటే గ్రామ చరిత్రల వెనక కావలి బొర్రయ్య, ఆయన సోదరుల శ్రమ ఉంది. సీపీ బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు వెనక ఆయన జీతాలిచ్చి పెట్టుకున్న పండితులున్నారు. బ్రౌన్ తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశాడు. పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో తెలుగు నేర్పే పీఠం ఒకటి ఉండేదన్న సంగతి బ్రిటన్ చరిత్రలో భాగమే కదా. ఆ పండితుల పేర్లు పాఠంలోకి వచ్చే పక్షంలో నేను కూడా ఈ విభాగానికే ఓటు వేస్తాను.

విద్యానగర్_విద్యార్థిని

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పాఠ్యప్రణాళిక తీసుకున్నాను, విభాగాధిపతి మేడమ్‌తో మాట్లాడాను, తార్నాక_పాఠకుడు గారు చెప్పిన గ్రంథాలయానికీ వెళ్లి వచ్చాను.

మొదటి పేపరు 1832 నుంచి 1945 వరకు బ్రిటిష్ సామాజిక చరిత్ర. ఇందులో పార్లమెంటు చర్చలు, ఫ్యాక్టరీ తనిఖీ నివేదికలు పాఠ్యాంశాలుగా ఉన్నాయి. రెండోది నాలుగు జాతుల (ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్) సాహిత్యం. విశ్రాంత_అధ్యాపకుడు సర్ చెప్పిన కొలతతో చూస్తే ఇది బలహీనంగా ఉంది. ఐర్లండ్ తరఫున యేట్స్ కవితలు మాత్రమే ఉన్నాయి, వేల్స్ అసలు లేదు. మూడోది యుద్ధానంతర బ్రిటన్, వలస వచ్చినవారి రచనలు. నాలుగోది సామ్రాజ్యం, దాని పాఠ్యాలు. మూడో పేపరు చెప్పే మేడమ్ యుద్ధానంతర నాటకం మీద పరిశోధన చేశారు. ఆవిడ పాఠం మొదటి ఏడాదిలో విన్నాను కాబట్టి ఆ పేపరు మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. ప్రాజెక్టులో తెలుగు, ఉర్దూ మూలాలను వాడవచ్చని, ఉటంకించిన భాగాలకు ఇంగ్లిష్ అనువాదం మనమే జతచేయాలని చెప్పారు. వేరే విభాగం నుంచి ఒక పేపరును ఓపెన్ ఎలక్టివ్‌గా తీసుకునే వీలుంది, అనువాదం తీసుకుంటాను. బ్రిటిష్ స్టడీస్‌కే దరఖాస్తు ఇస్తున్నాను.

ప్రాజెక్టు విషయంలో మీ సలహా కావాలి. నాకు రెండు ఆలోచనలున్నాయి. వేల్స్ బడుల్లో వెల్ష్ భాష పరిస్థితిని, మన బడుల్లో తెలుగు పరిస్థితిని పోల్చడం ఒకటి. హైదరాబాదు వ్యవహారాలు పందొమ్మిదో శతాబ్దపు బ్రిటన్‌లో ఎలా చర్చకు వచ్చాయో చూడడం రెండోది. ఏది సాధ్యమవుతుంది?

విశ్రాంత_అధ్యాపకుడు

అమ్మా, పాఠ్యప్రణాళిక మొత్తమ్మీద బాగుంది. రెండో పేపరులో వేల్స్ లేకపోవడం లోటే. తరగతిలో లేనిది గ్రంథాలయంలో చదువుకోవచ్చు. వెల్ష్‌కు 2011లో అధికార భాష హోదా వచ్చింది, 2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ మాట్లాడాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మన దగ్గర 2018లో తెలంగాణ బడుల్లో పదో తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పోలిక చాలా విలువైనదే. అయితే వెల్ష్ రాకుండా ఆ బడుల లోపలికి వెళ్లలేరు. ప్రభుత్వ నివేదికల సారాంశం రాసి ఆగిపోవలసి వస్తుంది. దాన్ని పీజీకి ఉంచుకోండి.

రెండోది తీసుకోండి, కానీ పరిధి బాగా తగ్గించండి. "పందొమ్మిదో శతాబ్దం" అన్నది ఒక డిగ్రీ ప్రాజెక్టు మోయగలిగిన బరువు కాదు. విలియం పామర్ కంపెనీ వ్యవహారాన్ని చూడమని నా సూచన. ఆయన ఒక ఆంగ్ల సైనికాధికారికి, భారతీయురాలైన తల్లికి పుట్టినవాడు. హైదరాబాదులో బ్యాంకు పెట్టి నిజాం ప్రభుత్వానికి పెద్ద వడ్డీకి అప్పులిచ్చాడు. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ పేరు కూడా అందులోకి వచ్చింది. ఆ పత్రాల మీద లండన్‌లో ఈస్టిండియా కంపెనీ వాటాదారుల సభలో రోజుల తరబడి వాదోపవాదాలు జరిగాయి, అవి అచ్చయ్యాయి కూడా. అంటే మీకు కావలసిన ఇంగ్లిష్ మూలం ముద్రిత రూపంలో ఉంది. అందులో ఏదో ఒక వక్త ప్రసంగాన్ని తీసుకుని, అతడు హైదరాబాదును ఏ మాటలతో చిత్రించాడో, నిజాం ప్రజల ప్రస్తావన ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో చూడండి. సాహిత్య విద్యార్థికి వచ్చిన దగ్గరి చదువు ఇక్కడ పూర్తిగా పనికివస్తుంది. అప్పును తీర్చడానికి పన్నులు కట్టిన రైతు ఆ ప్రసంగంలో ఉన్నాడా అన్న ప్రశ్నను మాత్రం చివరి పేజీ వరకూ వదలవద్దు.

పురాలేఖ

పామర్ వ్యవహారం చాలా మంచి ఎంపిక. ఆ చర్చల పుస్తకాలు, "హైదరాబాద్ పేపర్స్" పేరుతో అచ్చయిన పత్రాలు కంప్యూటర్ ప్రతులుగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి. పాత ముద్రణలో నగరం పేరును రకరకాల వర్ణక్రమాల్లో రాసేవారు. ఒక్క వర్ణక్రమంతో వెతికి ఏమీ లేదనుకోవద్దు. దివాన్ చందూలాల్ పేరుకూ ఇదే వర్తిస్తుంది.

తార్నాక కార్యాలయానికి వెళ్లదలిస్తే మీ విభాగాధిపతి సంతకంతో, ప్రాజెక్టు శీర్షిక స్పష్టంగా రాసిన పరిచయ లేఖను వెంట తీసుకువెళ్లండి. అప్పటి నిజాం సికందర్ జా కాలపు పత్రాలని అడగండి. పారశీకం చదవగలిగిన పరిశోధకులు అక్కడికి వస్తూనే ఉంటారు. వారంలో చాలా రోజులు నేనూ పఠన మందిరంలో ఉంటాను. ఒకటి రెండు పత్రాలను కూర్చుని కలిసి చదువుదాం. అనువాద_బాట గారు కూడా వస్తే మీరు జతచేయాల్సిన అనువాదాన్ని అక్కడే సరిచూసుకోవచ్చు.